వదినకు చెప్పిన మాట

"తినకపోతే తినకపో. నా చేతి బువ్వ నిన్నటి సంది చేదైందా, గదన్న చెప్పు!"

రుక్కమ్మ అన్నం కంచం చేత పట్టుకొని పెద్దకొడుకు ముందు నిలబడి అరుస్తోంది. నర్సింహులు పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. నిన్న సాయంత్రం ప్లాంటు నుంచి వచ్చింది మొదలు ఆయన మంచినీళ్ళు తప్ప మరేదీ ముట్టలేదు.

"ఆకలి లేదమ్మా. లోపట పెట్టు."

"ఎందుకుండదు? జరమొచ్చిందా?"

"లేదు."

"మరేమైందిరా? ఇద్దరన్నదమ్ములు ఒక్క బండి మీద పోయిన్రు. నువ్వేమో ఆటోల దిగినవ్. వాడు పొద్దుగూకినంక వచ్చి అర్రల పడి తలుపేసుకున్నడు. నీ పెండ్లాం మాట్లాడదు, వాని పెండ్లాం మాట్లాడదు. ఈ ఇంట్ల నోరున్నది నాకొక్కదానికేనా?"

ఆదివారం ఆ ఇంట్లో ఎప్పుడూ సందడే. ప్లాంటుకు సెలవు కాబట్టి అన్నదమ్ములిద్దరూ ఈ పెరట్లోనే మోటారు సైకిల్ కడుగుతారు. రుక్కమ్మ అరుగు మీద కూర్చొని, నీళ్ళు వృథా చేస్తున్నారని ఇద్దరినీ కలిపి తిడుతుంది. ఈ రోజు బండి వాకిట్లో దుమ్ము పట్టి అట్లాగే ఉంది. దాని వైపు ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

నిన్న జరిగింది ప్లాంటంతా చూసింది. తల్లికి చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

గద్వాల రోడ్డు మీది పత్తి విత్తనాల ప్లాంటులో, గింజకు నూగు తీసే సెక్షన్‌లో, నర్సింహులు అందరికంటే పాత మనిషి. ఆ సెక్షన్‌కు ఇన్‌ఛార్జి ఆయన తమ్ముడు రాఘవేందర్. ఆ తమ్ముణ్ణి చదివించింది అన్నే. ఆ మాట అన్న ఎన్నడూ అనడు, ధరూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన తరఫున అంటాయి. పాత సేటు ఉన్నన్నాళ్ళూ దసరా బోనసు అందరికీ ఒకటే తీరు. గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టి, అందరికంటే ముందు పనిలో చేరిన మనిషి చేతిలో సేటు మొదటి కవరు పెట్టేవాడు. ఆ చెయ్యి నర్సింహులుదే. ఈ ఏడు ప్లాంటును హైదరాబాదు కంపెనీ ఒకటి కొనుక్కుంది. ఇప్పుడు బోనసు మనిషికో తీరు. బోనసు వచ్చినవాళ్ళ పేర్లు మాత్రమే మైకులో పిలుస్తారు.

నిన్న ప్లాంటులో జరిగిన దసరా సభలో మేనేజర్ "ఇక బోనస్" అన్నాడో లేదో, నర్సింహులు అలవాటు కొద్దీ లేచి, తెల్లచొక్కా సర్దుకుంటూ స్టేజీ ఎక్కాడు. మేనేజర్ ముందుకు వెళ్ళి రెండు చేతులూ చాపాడు.

"పెద్దాయనా, మీ పేరు లేదు," అన్నాడు మేనేజర్. మైకు ఆయన నోటి దగ్గరే ఉంది. "మీ ఇన్‌ఛార్జి మీకు చెప్పలేదా?"

వెనక ఎవరో నవ్వారు. నవ్విన వాళ్ళను తప్పు పట్టలేం, పిలవకుండా స్టేజీ ఎక్కిన మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. నర్సింహులు పై నుంచే తమ్ముడి కోసం వెతికాడు. రాఘవేందర్ తల వంచుకొని ఫోను చూసుకుంటున్నాడు. అదే ఆ పెద్ద మనిషిని కోసేసింది.

"నర్సిమ్లన్నా!"

పెరటి తడిక తోసుకొని యేసుబాబు వచ్చాడు. అదే సెక్షన్‌లో పని. చంకలో బైబిలు ఉంది, చర్చికి పోతూ పోతూ ఇటు తిరిగాడు.

"కూసో యేసుబాబు."

"కూసోనన్నా, ప్రార్థనకు టైమైతుంది. నిన్నటి సంది నాకు మనసు మనసుల లేదు. ఎరికుండి గూడ నువ్వు స్టేజి ఎందుకెక్కినవన్నా?"

నర్సింహులు తల ఎత్తాడు.

"ఎరికుండా? నాకేమెరిక?"

"గదే... నీకీసారి బోనసు లేదని. మీ తమ్ముడు అందరికీ ముందుగాల్నే చెప్పిండు గదా. ఒక్కొక్కన్ని ఆఫీసులకు పిలిచి, ఎదురుంగ కూసోవెట్టి, చాయ తాపిచ్చి చెప్పిండు. నాకైతే సగమే వస్తదన్నడు. ఎందుకు సగమో గది గూడ సక్కగ చెప్పిండు. పానం సివుక్కుమన్నది గని, మొఖం మీద చెప్పిండు గదా, పోనీ అనుకున్న."

"అందరికీ చెప్పిండా?"

"ఊడ్సే రేణుకమ్మకు గూడ చెప్పిండు."

చెప్పేశాక గానీ యేసుబాబుకు తానేం చేశాడో తెలియలేదు. బైబిలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"తప్పు మాట్లాడిన్నా అన్నా?"

"లేదు. నువ్వు పో. ఆలస్యమైతది."

యేసుబాబు తడిక దాటి పోయాడు.

కొత్త కంపెనీ ఇన్‌ఛార్జీలందరినీ హైదరాబాదుకు పిలిపించి ఒక పూటంతా నేర్పింది ఇదే. బోనసు సంగతి ఫోనులో చెప్పకూడదు, ఇంకొకరితో చెప్పించకూడదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళల్లోకి చూస్తూ, ఎంత వస్తుందో చెప్పాలి, రాకపోతే ఎందుకు రాలేదో చెప్పాలి. మంచి పద్ధతే, కాదనలేం. కాకపోతే దాన్ని తయారుచేసిన పెద్దలు రుక్కమ్మ ఇంటికి ఎన్నడూ రాలేదు. ఆ ఇంట్లో తమ్ముడు అన్నకు ఎదురుగా కూర్చోడు. కష్టమైన మాట ఉంటే వదినకు చెబుతాడు. వదిన సమయం చూసి అన్నకు చెబుతుంది. అన్న జవాబు మళ్ళీ వదిన నోటి వెంటే వస్తుంది. రాఘవేందర్ చదువు ఖర్చు అట్లాగే తేలింది, పూజతో పెళ్ళి అట్లాగే కుదిరింది. ఇన్నేళ్ళలో ఒక్క మాట కూడా మధ్యలో ఆగిపోలేదు.

"వాన్ని ఏమనకు," అంది వసంత వంటింటి గడప మీద నుంచి. "నాకు చెప్పిండు."

నర్సింహులు భార్య వైపు తిరిగాడు.

"ఎప్పుడు?"

"పోయిన వారం. బట్టలు పిండుతుంటె వచ్చి నిలబడ్డడు. వదినా, అన్నకీసారి రాదు, జర నువ్వే మెల్లగ చెప్పు అన్నడు. చెప్త తీయ్ అన్న."

"మరి చెప్పలేదేం?"

వసంత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పొద్దు నువ్వు వస్తనే తెల్లంగి తీసి ఇస్త్రీకియ్యమన్నవ్. కొత్త సార్లకు మన పద్ధతి తెల్వదు, కొబ్బరికాయ నేనే తెప్పియ్యాలె అనుకుంట నవ్వినవ్. పిల్ల పోయినప్పటి సంది నీ మొఖంల నవ్వు సూసింది ఆ పొద్దే. నాకు నోరు రాలే. కవరు రాకుంటె రాకపాయె, ఇంటికొచ్చి నన్ను నాలుగు తిడ్తవ్ అనుకున్న. మైకుల పేర్లు పిలుస్తరని నాకేం తెల్సు?"

పిల్ల అనే మాట ఆ ఇంట్లో నెలల తరబడి ఎవరూ అనలేదు. రుక్కమ్మ కంచం పట్టుకొనే అరుగు మీద కూలబడింది.

"నిన్నేమంటలేను," అన్నాడు నర్సింహులు. "వానికి నోరు లేదా? నన్ను గూడ ఆఫీసుకు పిలిచిండు. అన్నా, చాయ తాగుతవా అన్నడు. తాగిన. గ్లాసు ఆడ పెట్టి బయటికొచ్చిన. అప్పుడు చెప్పాలె గదా?"

"తమ్ముడు గదా. నీ ముంగట కూసొని ఎట్ల..."

"ఆడ తమ్ముడు కాదు వసంతా, ఆడ సారు. నేను వాన్ని అందరి ముంగట సార్ అనే పిలుస్త. నాకు సిగ్గు కాలే. నేను ఆడ అన్నను కాకుండ ఉండంగ, వాడు ఆడ తమ్ముడెట్లైతడు?"

వసంత తల దించుకొని కొంగు వేలికి చుట్టుకుంది.

"రేపటి సంది ప్లాంటుకు పోను. ఆత్మకూరు కాడ పల్లికాయ మిల్లుల మనుషులు కావాలంటున్రు, అటు పోత." నర్సింహులు లేచి పంచె దులుపుకున్నాడు. "ఇగ పొయ్యి వేరు వెట్టు. వాళ్ళది వాళ్ళకు, మనది మనకు."

"నేను సచ్చినంక వెట్టుకోన్రి!" రుక్కమ్మ గొంతు పగిలిపోయింది. "నేనుండంగ ఈ ఇంట్ల రెండు పొయ్యిలు లేస్తే ఆ రెండిట్లకూ నన్నే కట్టెలు చెయ్యున్రి!"

అప్పుడు అర్ర తలుపు తెరుచుకుంది. రాఘవేందర్ బయటికి వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. నిన్నటి ఆఫీసు చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అన్న వైపు చూడలేదు, వంటింటి వైపు తిరిగాడు.

"వదినా, అన్నకు చెప్పు. రేపు నేను మేనేజర్‌తోని మాట్లాడ్త. జరంత..."

"నాకు చెప్పకు!"

వసంత అంత గట్టిగా అరవడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. పక్కింటి వాళ్ళు గోడ మీది నుంచి తొంగిచూసి మళ్ళీ వంగారు.

"ఇగ నాతోని ఏం చెప్పియ్యకు రాఘవా. నీకు దండం పెడ్త. మీ అన్న గీడనే నిలబడ్డడు. ఆయనకు చెవులున్నయి. నీకు నోరున్నది. మీ మధ్యల నేను ఉండ. నా ఒక్క మాట ఆగిపోయినందుకు ఈ మనిషి అందరి ముంగట చేతులు చాపి నిలబడవలసి వచ్చె. ఇగ నాతోని కాదు."

ఆమె లోపలికి వెళ్ళిపోలేదు. గడప మీదే కూర్చొని ఏడ్చింది.

రాఘవేందర్ పెదవులు తడుపుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత అన్న ముఖంలోకి చూసి మాట్లాడాల్సి వచ్చింది.

"అన్నా... సీజన్ల నాగాలెక్కువైతే బోనసు లేదని కంపెనీ రూలు. నేను వెట్టింది కాదు."

"సరే."

"నీయి నాగాలెక్కువైనయ్."

"అయినయ్. లేదంటలేను." నర్సింహులు గొంతు పెంచలేదు. "ఎందుకైనయో ఎవలన్న అడిగిన్రా?"

రాఘవేందర్ చూపు నేల మీదికి దించాడు.

"అడిగిన్రా రా?"

"అడిగిండు. మేనేజరే అడిగిండు. కారణముంటె చెప్పు, పైకి రాస్త అన్నడు."

"నువ్వేమన్నవ్?"

తమ్ముడు స్తంభానికి చేరగిలపడ్డాడు. ఆ చిన్న ప్రశ్నకు అతను తీసుకున్న సమయం చూసి రుక్కమ్మకే భయం వేసింది.

"చెప్పు రా," అంది మెల్లగా.

"సొంత పని మీద పోయిండు సార్ అన్న."

అర్ర తలుపు చాటు నుంచి పూజ వచ్చింది. తల మీద కొంగు జారి ఉంది, సర్దుకోలేదు. బావ ఎదుట ఆమె ఎన్నడూ గొంతెత్తి మాట్లాడి ఎరగదు. ఆయన అరుగు మీద ఉంటే ఆమె ఆ వాకిలి గుండా నడవదు కూడా.

"సొంత పనా?"

"పూజా, నువ్వు లోపటికి పో."

"బావ ఏ సొంత పని మీద పోయిండు? నా బిడ్డను ఎత్తుకొని పాలమూరు దవాఖానకు పోయిండు. అది సొంత పననా?"

శివరాత్రికి ముందు సంగతి అది. ప్లాంటులో రాత్రింబగళ్ళు గింజ ఆడుతున్న రోజులు. పూజకు ఏడో నెలలోనే నొప్పులు వచ్చి గద్వాలలో ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు ఊపిరి సరిగ్గా అందడం లేదు, పాలమూరు తీసుకుపొమ్మన్నారు. పూజ జ్వరంతో లేవలేని స్థితిలో ఉంటే ఆమె దగ్గర వసంత ఉండిపోయింది. రాఘవేందర్ కొత్తగా ఇన్‌ఛార్జి అయ్యాడు, సీజన్ మధ్యలో కదిలితే ఆ కుర్చీ ఉండదని భయపడ్డాడు. అన్నను పొమ్మను వదినా, నేను వెనకనే వస్త, అన్నాడు. ఆ మాట వదిన వెంటనే చేరవేసింది. నర్సింహులు వెళ్ళి, బిడ్డను పెట్టిన అద్దాల గది బయట నిలబడ్డాడు. ఎంతకూ తమ్ముడు రాలేదు. అతను కదిలే రోజుకు ఆ అవసరం లేకుండా పోయింది. తువ్వాలలో బిడ్డను చుట్టుకొని నర్సింహులే తిరిగి వచ్చాడు. చేను గట్టున తానే గుంత తవ్వి, తానే మట్టి కప్పాడు.

"నాకు పైసలు రాలేదని కాదు రా," అన్నాడు నర్సింహులు. "నన్ను సూసి నవ్విన్రు, గదీ మర్చిపోత. గని అడిగిన మనిషికి గూడ చెప్పకపోతివి. బిడ్డ పుట్టింది సార్, బతకలే, మా అన్న కాడ ఉండె అని. గంతే గదరా. గా పిల్ల ఉండె అని మనమే అనకపోతె, ఇగ ఎవలంటరు?"

"నా మనిషి అని ఎక్కువ చేసి చెప్తున్ననంటరని..." రాఘవేందర్ మొదలుపెట్టి ఆగిపోయాడు. తను చెప్పేది తనకే అబద్ధంగా వినిపించినట్టుంది. "కాదన్నా. గది గూడ కాదు."

"మరేంది?"

"నాతోని చెప్పరాలే." రాఘవేందర్ స్తంభం వెంట జారి నేల మీద కూర్చున్నాడు. "గా మాట నోట్లకు వస్తె నేను ఆ ఆఫీసుల నిలబడలేను. అందరికీ చెప్పిన. యేసుబాబుకు చెప్పిన, రేణుకమ్మకు చెప్పిన. నీకిందుకే రాలేదన్నా అని నీకు చెప్పాల్నంటె, ఆ నాగాలు ఏం నాగాలో నా నోటితోని అనాలె గదా. నువ్వు చాయ తాగుతుంటె సూసుకుంట కూసున్న. మేనేజర్ అడిగినప్పుడు గూడ గంతే. కూతురు అంటె, ఎట్లుండె అని అడిగితె నేనేం చెప్పాలె? నేను మొఖం సూడలే అన్నా. నేను పోయేసరికి నువ్వు మట్టి కప్పుతుంటివి. నాకు చూపియ్యమని అడిగే మొఖం గూడ నాకు లేకుండె."

రాఘవేందర్ రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. పెద్దవాడై, చదువుకొని, కిందివాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడటం నేర్చిన మనిషి, చిన్నపిల్లవాడిలా ఏడుస్తూ అడిగాడు.

"ఎట్లుండె అన్నా?"

ఆ ప్రశ్న నర్సింహులును ఇంతవరకు ఎవరూ అడగలేదు. తల్లి అడగలేదు, భార్య అడగలేదు. గుర్తు చేస్తే బాధపడతాడని ఒకరు, పూజ వింటుందని ఇంకొకరు మాట మింగేశారు. ఆ అద్దాల గది ముందు చూసినదంతా ఆయన ఒక్కడే మోసుకుంటూ, రోజూ ప్లాంటుకు పోయి వస్తున్నాడు. అడిగితే చెప్పాలని ఎన్ని రోజులు అనుకున్నాడో ఆయనకే తెలియదు.

ఆయన తమ్ముడికి జవాబు చెప్పలేదు. పూజ వైపు తిరిగాడు.

"అమ్మా పూజా. ఇట్ల రా బిడ్డా. కూసో."

పూజ అత్త వైపు చూసింది. రుక్కమ్మ తల ఊపింది. ఆ ఇంటి కోడలై వచ్చాక మొదటిసారి పూజ బావకు ఎదురుగా, నేల మీద, మోకాళ్ళు ముడుచుకొని కూర్చుంది. నర్సింహులు కూడా నేల మీదే కూర్చున్నాడు. వసంత గడప మీది నుంచి లేచి వచ్చి పూజ పక్కన చేరింది.

రాఘవేందర్ లేచి ఒక అడుగు వేశాడు. అన్న తల తిప్పకుండానే చెయ్యి ఎత్తాడు.

"నువ్వు ఆడనే ఉండు."

రాఘవేందర్ స్తంభం దగ్గరే ఆగిపోయాడు.

నర్సింహులు చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు చాలా కిందికి ఉంది, స్తంభం దాకా మాటలు రావడం లేదు. చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. ఇంత ఉండె అని మూర కంటే తక్కువ పొడవు చూపించాడు. తర్వాత తన కనుబొమ్మ మీద వేలు పెట్టి ఏదో అన్నాడు. పూజ చప్పున తన కనుబొమ్మ తడిమి చూసుకుంది. వసంత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పూజ ఏదో అడిగింది. నర్సింహులు ఆలోచించి, పిడికిలి బిగించి, మెల్లగా విప్పి చూపించాడు. అప్పుడు పూజ బావ చేతిని రెండు చేతులా పట్టుకొని పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు శివరాత్రి ముందే రావలసింది.

రాఘవేందర్ మెడ చాచి వింటున్నాడు. ఒక్క మాట కూడా అందలేదు.

రుక్కమ్మ కంచం అరుగు మీద పెట్టి చిన్నకొడుకు దగ్గరికి వచ్చింది. భుజం మీద చెయ్యి వేసి నెట్టింది.

"పో రా. పోయి కూసో. నీ బిడ్డ గదా."

రాఘవేందర్ కదల్లేదు.

"అన్న పిలువలేదమ్మా," అన్నాడు.